కరిచే కుక్కది ఏ జాతి? బాధ్యత ఎవరిది?

“పిట్‌బుల్, రాట్‌వైలర్ లాంటి కుక్కల్ని ప్రభుత్వం నిషేధిస్తే ఈ కుక్కకాట్ల బాధ తీరిపోతుంది గదా డాక్టరుగారూ?” అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఏ పసివాడినో కుక్క కరిచి చంపిందన్న వార్త పత్రికలో వచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. అడగడంలో తప్పు లేదు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఆ భయం ఉంటుంది.

కాని సూర్యాపేట పక్కన ఉన్న చివ్వెంలలో గాని, మిర్యాలగూడలో గాని, కోదాడలో గాని కుక్క కరిచి ఆసుపత్రికి వచ్చినవారిని “ఏ కుక్క కరిచింది?” అని అడిగి చూడండి. పిట్‌బుల్ అని చెప్పేవారు బహు అరుదు. “మా బజార్ కుక్కే సార్”, “పక్కింటోళ్ల కుక్క సార్”, “మా ఇంట్లదే సార్, అన్నం పెడుతుంటే పట్టింది” – ఇవీ వినపడే జవాబులు.

అంచేత, నిషేధం మనల్ని ఎంతవరకు కాపాడుతుందో, కుక్కను పెంచేవారి బాధ్యత ఎక్కడ మొదలవుతుందో ఈ వారం వివరంగా తెలుసుకుందాం.

నిషేధం ఎలా వచ్చింది?

2022 జులైలో లక్నోలో 82 ఏళ్ల వృద్ధురాలిని ఆ ఇంట్లో పెరుగుతున్న పిట్‌బుల్ కుక్కే కరిచి చంపింది. దేశమంతా ఉలిక్కిపడింది. అదే ఏడాది అక్టోబరులో ఘాజియాబాద్ నగరపాలక సంస్థ పిట్‌బుల్, రాట్‌వైలర్, డోగో అర్జెంటీనో అనే మూడు జాతులను పెంచకూడదని నిషేధం పెట్టింది. 2024 మార్చి 12న కేంద్ర ప్రభుత్వ పశుసంవర్ధక శాఖ రాష్ట్రాలన్నిటికీ ఒక లేఖ రాసింది. మనుషుల ప్రాణానికి ప్రమాదకరమైనవని 23 జాతుల పేర్లు చెప్పి, వాటి అమ్మకానికీ పెంపకానికీ లైసెన్సులు ఇవ్వవద్దన్నది. అప్పటికే ఇళ్లలో ఉన్న అలాంటి కుక్కలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమన్నది.

ఆ మరుసటి నెలలోనే కర్ణాటక హైకోర్టు, ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేశాయి. సంబంధం ఉన్నవారి వాదన వినకుండా ఇచ్చారన్నది ముఖ్యమైన కారణం.

కోర్టుల సంగతి అలా ఉంచి, వైద్యుడి కంటితో ఈ విషయాన్ని చూద్దాం. నిషేధం కోరేవారి మాటలో నిజం లేకపోలేదు. బలమైన దవడలు, పెద్ద శరీరం ఉన్న కుక్క కరిస్తే గాయం లోతుగా ఉంటుంది. కొన్ని కుక్కలు పట్టిన పట్టు వదలవు. చిన్న కుక్క కరిస్తే కట్టు కట్టి పంపించే చోట, పెద్ద కుక్క కరిస్తే ఆపరేషన్ థియేటరు అవసరం పడుతుంది. కాబట్టి అటువంటి కుక్కను పెంచేవారికి మరింత కఠినమైన నియమాలు ఉండాలనడం న్యాయమే.

జాబితాలో లేని కుక్కల మాటేమిటి?

2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో, ఒక అపార్టుమెంటుకు భోజనం పార్సిలు తెచ్చిన యువకుడి మీదికి ఆ ఇంటి కుక్క వచ్చింది. భయంతో పరుగెత్తిన ఆ కుర్రవాడు మూడో అంతస్తు నుంచి పడి, తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. అది జర్మన్ షెపర్డ్. అదే ఏడాది మే నెలలో మణికొండలో ఇటువంటిదే మరో సంఘటన. వస్తువు ఇవ్వడానికి వచ్చిన మనిషి కుక్కను తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. అది డాబర్‌మన్. కేంద్రం పంపిన 23 పేర్ల జాబితాలో ఈ రెండు జాతులూ లేవు!

ఆ రెండు సంఘటనలకూ నడుమ, 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని వీధికుక్కలు కరిచి చంపాయి. వాటికి అసలు ఏ జాతి పేరూ లేదు.

ఇక జాబితాలో ఉన్న జాతి సంగతే చూడండి. 2024 మేలో చెన్నైలో ఒక కార్పొరేషన్ పార్కులో అయిదేళ్ల పాపను రెండు రాట్‌వైలర్ కుక్కలు తీవ్రంగా గాయపరిచాయి. పిల్లలు ఆడుకునే చోట వాటిని గొలుసు లేకుండా వదిలారు. గొలుసు ఉండి, దాన్ని గట్టిగా పట్టుకున్న పెద్దమనిషి ఒకరు ఉంటే ఆ పాపకు ఆ గతి పట్టేదా? ఆలోచించండి.

పరాయి దేశాల అనుభవం

బ్రిటన్‌లో 1991లోనే చట్టం చేసి పిట్‌బుల్, జపనీస్ తోసా, డోగో అర్జెంటీనో, ఫిలా బ్రసిలేరో అనే నాలుగు రకాలను నిషేధించారు. ఆ తర్వాత కుక్కకాట్లతో ఆసుపత్రుల్లో చేరేవారి సంఖ్య తగ్గకపోగా పెరిగింది. ఈలోగా ఎక్స్.ఎల్. బుల్లీ అనే మరో రకం జనంలోకి వచ్చింది. దాన్నీ కలిపి, 2024 ఫిబ్రవరి 1 నుంచి అనుమతి పత్రం లేకుండా ఉంచుకోవడం నేరమన్నారు. నెదర్లాండ్స్‌లో 1993లో పిట్‌బుల్‌ను నిషేధించి, కాట్లు తగ్గలేదని గ్రహించి 2008లో ఆ నిషేధాన్ని ఎత్తివేశారు. ఒక పేరు మీద నిషేధం పెడితే, భీకరమైన కుక్క కావాలనుకునే మనిషి మరో పేరుగల కుక్కను వెతుక్కుంటాడు.

అమెరికాలో 2000 నుంచి 2009 వరకు కుక్కల వల్ల సంభవించిన 256 మరణాలను పరిశోధకులు ఒక్కొక్కటిగా పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 87 సంఘటనల్లో, అడ్డుపడి కాపాడగలిగే మనిషి దగ్గర లేడు. 85 సంఘటనల్లో, చనిపోయినవారికి ఆ కుక్కతో ముందు చనువు లేదు. 84 సంఘటనల్లో, ఆ కుక్కలకు పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ జరగలేదు. 76 సంఘటనల్లో, ఆ కుక్కల్ని ఇంటి మనుషుల మధ్య పెంచకుండా దూరంగా ఉంచేవారు. ఇక జాతి ఏదో రుజువుగా చెప్పగలిగినవి నూటికి 18 మాత్రమే!

ఈ లెక్క మన దేశానిది కాదు. అయినా ఇందులో ఉన్న కారణాలు మన పెరట్లోనూ కనపడతాయి.

మన ఊళ్లలో మూడు రకాల కుక్కలు

చివ్వెంల మండలం దురాజ్‌పల్లిలో పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతర రెండేళ్లకోసారి జరుగుతుంది. గొల్ల కురుమలు లక్షల్లో తరలివచ్చే జాతర అది. వారి గొర్రెల మందల వెంట కాపలాకు కుక్క ఉండటం చూసే ఉంటారు. దానికి జాతి పేరు లేదు, లైసెన్సు లేదు. కొత్త మనిషి మంద దగ్గరికి వస్తే ఉరికి వస్తుంది. కాపరి ఒక్క కేక వేశాడా, అక్కడే ఆగిపోతుంది. కారణం ఏమిటి? అది పొద్దస్తమానం మనిషి వెంట ఉంటుంది. ఎవరి మాట వినాలో దానికి తెలుసు. దాని పక్కన అదుపు చేసే మనిషి ఎప్పుడూ ఉంటాడు.

రెండో రకం, మిల్లుల్లో, గోదాముల్లో, పెద్ద ఇళ్లలో పగలంతా పొట్టి గొలుసుతో కట్టేసి ఉంచే కాపలా కుక్క. ఎండకు, దాహానికి, ఒంటరితనానికి దానికి విసుగు పెరుగుతుంది. దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ శత్రువులా కనపడతాడు. కొందరు దానికి కారం కలిపిన తిండి పెడితే, కట్టెతో పొడిస్తే “తేజు” వస్తుందని అనుకుంటారు. ఇది శుద్ధ అవివేకం. ఒకనాడు గొలుసు తెగితే అది దొంగ ఎవరో, ఇంటి పిల్లవాడెవరో చూడదు.

మూడో రకం అన్నిటికంటే ఎక్కువ. అది అందరి కుక్క, ఎవరి కుక్కా కాదు. ఒక ఇల్లాలు మిగిలిన అన్నం పెడుతుంది, హోటలు వాళ్లు ఎంగిలి విస్తరి పడేస్తారు, కోడిమాంసం కొట్టు వాళ్లు వ్యర్థాలు విసురుతారు. దానికి ఒక పేరు కూడా ఉంటుంది, రాజు అనో, టైగర్ అనో. “మీదేనా అమ్మా ఈ కుక్క?” అని అడిగితే మాత్రం “మాది కాదు సార్, ఊరికే వస్తది” అంటారు. టీకా వేయించే దిక్కు దానికి లేదు. ఏ జాతుల జాబితా కూడా దాన్ని పట్టుకోదు.

తిండి పెట్టడం జీవకారుణ్యమే, కాదనను. అయితే మీ గుమ్మంలో రోజూ తిండి తినే కుక్క సగం మీదే. దానికి టీకా వేయించడం ఆ కారుణ్యంలో మిగతా సగం. మీరొక్కరే చేయలేకపోతే బజారులో పదిమంది కలిసి పశువైద్యుణ్ణి పిలిపించండి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కలకు కు.ని. ఆపరేషన్లు, టీకాలు వేయించే బాధ్యత స్థానిక సంస్థలది. అర్జీ పెట్టి అడిగే హక్కు మీకుంది.

మొహమాటం ప్రాణం మీదికి తెస్తుంది

పెంపుడు కుక్కల విషయంలో వైద్యులం ఎక్కువగా భయపడేది ఇరుగుపొరుగు మొహమాటానికి. పక్కింటి కుక్క పిల్లవాడి చేతిని కొరుకుతుంది. “ఏం కాదులే వదినా, మా టామీకి సూది వేయించినం” అంటుంది ఆ ఇంటావిడ. అది ఏ సూదో, ఏ సంవత్సరం వేయించారో ఈవిడ అడగదు. అడిగితే నమ్మలేదని అనుకుంటారేమోనని వెనకాడుతుంది. గాయం మీద ఇంత పసుపు అద్ది ఊరుకుంటారు.

భారత వైద్య పరిశోధన మండలి 2022-23లో 15 రాష్ట్రాల్లో ఇంటింటి సర్వే జరిపించింది. దాని అంచనా ప్రకారం మన దేశంలో ఏటా 91 లక్షల జంతుకాట్లు జరుగుతున్నాయి. అందులో మూడు వంతులకు పైగా కుక్కలవే. ఏటా సుమారు 5,700 మంది రేబిస్‌తో మరణిస్తున్నారు. జంతువు కరిచినవారిలో ఐదుగురికి ఒకరు ఒక్క టీకా కూడా వేయించుకోలేదట!

రేబిస్, అంటే పిచ్చికుక్క కాటు వల్ల వచ్చే జలభీతి వ్యాధి, లక్షణాలు బయటపడిన తర్వాత దాదాపు ప్రతి రోగినీ బలి తీసుకుంటుంది. సాధారణంగా కరిచిన ఒకటి నుంచి మూడు నెలల్లో బయటపడుతుంది. ఒక్కోసారి వారంలోనే రావచ్చు, ఏడాది దాటాక కూడా రావచ్చు. తలకు, ముఖానికి, మెడకు, చేతులకు అయిన గాయాలు మరీ ప్రమాదం. పిల్లలు పొట్టిగా ఉంటారు కనుక వారికి కాటు ముఖం మీదే పడుతూంటుంది. ఇంతటి జబ్బును వేళకు టీకాతో పూర్తిగా ఆపవచ్చు. అలాంటప్పుడు మొహమాటానికి తావెక్కడిది?

కుక్క కరిస్తే వెంటనే ఏం చేయాలి?

1. గాయాన్ని కుళాయి కిందగాని, చెంబుతో ధారగా పోస్తూగాని సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసి మరీ కడగండి. గాయంలోని విషక్రిములు చాలావరకు దీనితోనే పోతాయి. తర్వాత పోవిడోన్ అయోడిన్ వంటి మందు రాయవచ్చు.

2. కారం, సున్నం, పసుపు, కిరోసిన్, ఉల్లిగడ్డ, ఆకుపసరు – ఏదీ పెట్టవద్దు. గట్టిగా కట్టు కట్టవద్దు. మంత్రం వేయించడానికి పోయి పొద్దు పుచ్చవద్దు.

3. ఆ రోజే దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. బొడ్డు చుట్టూ 14 సూదులు పొడిచే కాలం ఎప్పుడో పోయింది. ఆ పాతరకం టీకా వాడకం మన దేశంలో రెండు దశాబ్దాల క్రితమే ఆగిపోయింది. ఇప్పుడు భుజానికి వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. కండకు వేసే పద్ధతిలో వీటికి తోడు 14వ రోజు కూడా ఉంటుంది. మొదటి సూది వేసిన రోజును సున్నాగా లెక్కపెట్టాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఈ టీకా ఉచితం.

4. చర్మం చీరి రక్తం వస్తే టీకా ఒక్కటి చాలదు. గాయంలోనూ గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే సీరం ఎక్కించాలి. టీకా పనిచేయడం మొదలుపెట్టేదాకా ఈ సీరమే కాపలా కాస్తుంది. మీ కేంద్రంలో అది లేకపోతే టీకా అక్కడే వేయించుకుని, సీరం కోసం వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. ధనుర్వాతం సూది సంగతి కూడా డాక్టరు చూస్తారు.

5. గోటితో గీరినా, పుండు మీద గాని నోటిమీద గాని నాకినా డాక్టరుకు చూపించండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చంటిబిడ్డలు కూడా నిరభ్యంతరంగా ఈ టీకా వేయించుకోవచ్చు.

6. కరిచిన కుక్కను చంపవద్దు. పది రోజులు కనిపెట్టి చూడండి. అయితే ఆ పది రోజులూ టీకా ఆపి కూర్చోవద్దు. టీకా మొదలుపెట్టే చూడాలి. పది రోజులకూ కుక్క ఆరోగ్యంగా ఉంటే మిగతా సూదుల సంగతి డాక్టరు చెబుతారు. కుక్కకు టీకా వేయించి ఉన్నాసరే, డాక్టరుకు చూపించకుండా ఉండవద్దు.

కుక్కను పెంచేవారికి సలహాలు

1. పిల్లకు మూడు నెలలు రాగానే రేబిస్ టీకా, పశువైద్యుడు చెప్పిన గడువులో రెండోది, ఆ తర్వాత ఏటా ఒకటి వేయించండి. టీకా కార్డు ఇంటి కాగితాలతో పాటు దాచండి. పొరుగువారు అడిగితే నొచ్చుకోకుండా చూపించండి.

2. పట్నంలో, మునిసిపాలిటీలో ఉంటే కుక్కను రిజిస్టరు చేయించండి. కు.ని. ఆపరేషన్ చేయించండి.

3. బయటికి తీసుకెళ్తే పొట్టి గొలుసు తప్పనిసరి. గొలుసు పట్టుకునేది కుక్కను ఆపగల బలమున్న పెద్దమనిషై ఉండాలి. పెద్ద కుక్కకు మూతికి చిక్కం కూడా పెట్టండి. పదేళ్ల పిల్లవాడి చేతికి పెద్ద కుక్కను ఇచ్చి పంపవద్దు.

4. తలుపు తట్టిన చప్పుడు వినగానే ముందు కుక్కను గదిలో పెట్టండి, ఆ తర్వాత తలుపు తీయండి. పాలవాడు, పోస్టుమాను, పార్సిలు తెచ్చే కుర్రవాడు మీ గడపలోకి పొట్టకూటి కోసం వస్తారు. “కుక్క ఉన్నది జాగ్రత్త” అని బోర్డు తగిలించినంత మాత్రాన బాధ్యత తీరిపోదు.

5. రోజంతా కట్టేసి ఉంచవద్దు. పూటకు కొంతసేపైనా తిప్పండి. చిన్నప్పటి నుంచి మనుషులకు అలవాటు చేయండి. కొట్టి, రెచ్చగొట్టి పెంచవద్దు.

6. అయిదారేళ్ల లోపు పిల్లలను కుక్క దగ్గర ఒంటరిగా వదలవద్దు. ఎంత నమ్మకమైన కుక్కయినా సరే.

7. కుక్కను కొనే ముందే, దాన్ని తిప్పే ఓపిక, ఉంచే స్థలం, చూసే మనిషి మీ ఇంట్లో ఉన్నారో లేదో ఆలోచించండి. రెండు గదుల ఇంట్లో హోదా కోసం భారీ కుక్కను తెచ్చి, పెరిగాక అదుపు చేయలేక వీధిలో వదిలేసేవారు ఉన్నారు. ఆ పాపం వీధి పిల్లలకు చుట్టుకుంటుంది.

చట్టం కూడా ఊరుకోదు. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను ప్రకారం, తన దగ్గరున్న జంతువు వల్ల మనుషులకు హాని జరగకుండా తగిన జాగ్రత్త తీసుకోనివారికి ఆరు నెలల దాకా జైలు గాని, అయిదు వేల రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. ఈ సెక్షను కుక్కది ఏ జాతి అని అడగదు. జాగ్రత్త తీసుకున్నావా లేదా అని అడుగుతుంది.

పిల్లలకు నేర్పవలసినవి

“మొరిగే కుక్క కరవదు” అన్న సామెతను నమ్మవద్దని చెప్పండి. మొరిగి మరీ కరిచే కుక్కలున్నాయి. తినే కుక్కను, నిద్రపోయే కుక్కను, పిల్లలకు పాలిచ్చే కుక్కను ముట్టుకోవద్దు. పరాయి కుక్క ఎదురైతే పరుగెత్తవద్దు, కళ్లలోకి చూడవద్దు. చేతులు దగ్గరికి పెట్టుకుని కదలకుండా నిలబడాలి. కింద పడితే ముడుచుకుని చేతులతో మెడ, చెవులు కప్పుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం – కుక్క కరిచినా, గీరినా ఇంట్లో చెప్పాలి. తిడతారన్న భయంతో దాచిపెట్టే పిల్లలు చాలామంది. కనుక ముందు మీరు తిట్టకండి.

గోవాలో ఏం చేశారు?

గోవా రాష్ట్రంలో ఊరూరా తిరిగి కుక్కలకు టీకాలు వేశారు. పెంపుడు కుక్కా, వీధి కుక్కా అని తేడా చూడలేదు. 2021 నాటికి మూడేళ్లుగా అక్కడ మనుషుల్లో రేబిస్ మరణం నమోదు కాలేదు. ఊళ్లో ఉన్న కుక్కల్లో నూటికి 70 వాటికి టీకా పడితే ఆ జబ్బు వ్యాపించడం ఆగిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

నిషేధం పెట్టాలా వద్దా అన్నది ప్రభుత్వాలు, న్యాయస్థానాలు తేల్చుకుంటాయి. అంతదాకా మన చేతిలో ఉన్న పని మనం చేద్దాం. ఏటా జులై 6న, జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల నివారణ దినం సందర్భంగా చాలా పశువైద్యశాలల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. 1885లో అదే రోజున లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల బాలుడికి మొదటిసారి ఈ టీకా వేసి బతికించాడు. ఆ రోజుదాకా ఆగాలనీ లేదు. ఈ ఆదివారం మీ ఇంటి కుక్క టీకా కార్డు తీసి తేదీ చూడండి. గడువు దాటి ఉంటే సోమవారం ఉదయమే పశువైద్యశాలకు తీసుకెళ్లండి. వెళ్తూ వెళ్తూ, మీ గుమ్మంలో అన్నం తినే ఆ రాజునో, టైగర్‌నో కూడా వెంట తీసుకెళ్లండి.